ఇచ్చిన బంగారం, దాచిన బంగారం

"తలుపు తియ్యుండ్రి! పట్టపగలు లోపట గడియ పెట్టుకునుడేంది?"

విద్యావతి రెండోసారి తట్టింది. లోపల ఏదో గలగలమంది. ఆ చప్పుడు గాజులదే.

ఆ ఇంట్లో గాజులు వేసుకునే ఆడవాళ్ళు ముగ్గురు. ఒకరు తలుపు బయట నిలబడి తడుతున్నారు. ఇంకొకరు, కోడలు వందన, హిమాయత్‌నగర్ ఆఫీసులో ఉంది. మూడో మనిషి ఆశమ్మ, విద్యావతి అత్తగారు, హాల్లో కుర్చీలో కూర్చుని నోరు తెరుచుకుని చూస్తోంది. మరి లోపల గలగలమన్నది ఎవరు?

"పొద్దుగాల సంచి పట్టుకుని యాడికో పోయొచ్చిండు. గప్పటిసంది గట్లనే ఉన్నడు వాడు," అంది ఆశమ్మ. "దుకాణం పోలె. బువ్వ తినలె. పిలిస్తె పలుకుతలేడు. వాని కొడుకన్నా ఉంటె తలుపు బద్దలు కొట్టునేమో, వాడేమో ఆఫీసు పని మీద పుణె పాయె."

ఏప్రిల్ ఎండ మాడ్చేస్తోంది. ఒంటిపూట బడి అయిపోయాక నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా నడిచి వచ్చింది విద్యావతి. చేతిలో ఇంకా గొడుగు ఉంది. ఆ గొడుగు కర్రతోనే మూడోసారి తట్టింది.

గడియ తీసిన చప్పుడయింది. రాఘవేందర్ బయటకు రాలేదు. తలుపు సందులోంచి మొహం మాత్రం కనిపించింది.

"ఇగో, నువ్వప్పుడే వచ్చినవా?"

ఈ 'ఇగో' సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ళు దాటిన కాపురంలో రాఘవేందర్ భార్యను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. వాళ్ళింట్లో మగవాళ్ళు పిలవరు, ఆడవాళ్ళు అసలే పిలవరు. రేషన్ కార్డు రాయించడానికి పోయినప్పుడు కూడా గుమాస్తా "భార్య పేరు?" అంటే, వెనక్కి తిరిగి "ఇగో, సారుకు నీ పేరు చెప్పు" అన్నాడట. వందన కోస్తా నుంచి వచ్చిన వాళ్ళమ్మాయి. పెళ్ళయిన కొత్తలో అందరి ముందూ "అనురాగ్, టవల్ మర్చిపోయావ్" అని మొగుణ్ణి కేకేస్తే ఆశమ్మ చెవులు మూసుకుంది. ఇప్పుడు అలవాటయిపోయింది లెండి, మూసుకోవడం మానేసింది.

విద్యావతి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

మంచం మీద పాత పేపర్లు పరిచి ఉన్నాయి. పేపర్ల నిండా బంగారం. గొలుసులు, గాజులు, వంకీలు, ఉంగరాలు, పచ్చల సెట్టు, ముత్యాల సెట్టు, పేరు కూడా గుర్తులేని ఇంకేవో సెట్లు. బ్యాంకు లాకర్లో ఉండాల్సినవన్నీ ఎండ పడి తళతళలాడుతున్నాయి. పక్కన కూరగాయల సంచి ఖాళీగా పడి ఉంది. అంటే ఈ మహానుభావుడు లాకరంతా కూరగాయల సంచిలో వేసుకుని నడిచి వచ్చాడన్నమాట!

"ఏందిది?"

రాఘవేందర్ ఖాళీ సంచి మడతపెట్టసాగాడు.

"ఎవలిదన్నా పెండ్లున్నదా, నాకు తెల్వకుండ?"

"అమ్ముతున్న," అన్నాడు రాఘవేందర్ గోడను చూస్తూ.

పోయిన వారం రాజేశం అశోక్ నగర్ దుకాణంలో నిలబడి ఒక మాట చెప్పాడు. రాఘవేందర్ పుస్తకాల దుకాణం ఉన్న మల్గి, అంటే ఆ షాపు గది, అతనిదే. కిరాయికి ఇచ్చి ఇచ్చి విసుగెత్తింది, అమ్మేస్తానన్నాడు. శుక్రవారం లోపు అగ్రిమెంటు రాసుకుంటే పాత మనిషివని నీకే ఇస్తా, లేకపోతే పక్కనున్న కోచింగ్ సెంటర్ వాళ్ళు గోడ పగలగొట్టి కలుపుకోడానికి సిద్ధంగా ఉన్నారన్నాడు. ఆ మాట రాఘవేందర్ కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇవాళ గురువారం. ఇక దాచేందుకు చోటు లేక మొత్తం కక్కేశాడు.

విద్యావతి అంతా విన్నది. విని, పడక్కుర్చీ అంచున కూర్చుంది.

"దుకాణం పోతె మీరు బతకరు. నాకు తెల్సు," అంది మెల్లగా. "కని ఇప్పుడా అమ్ముడు? తులం మీద రెండు మూడు దినాల్లనే వేలకు వేలు పడ్డదని టీవీల ఒకటే చెప్తున్నరు. చౌకయిందని జనం కొననీకి ఎగబడుతున్నరు. అందరు కొంటుంటె మనం అమ్ముతమా?"

"అవుతలోడు ఆగుతడా? బంగారం లేసినంక రా అంటె ఊకుంటడా?"

"మరి బ్యాంకుల పైసలు?"

"యాడున్నయ్ బ్యాంకుల? అన్ని దీంట్లనే పెట్టిన. నీకు తెల్వదా?"

తెలుసు. తెలియకేం! ప్రతి ధన్‌తేరస్‌కూ, ప్రతి పెళ్ళిరోజుకూ, కోడలు ఇంట్లో కాలు పెట్టిననాడూ, దుకాణంలో మిగిలిందల్లా అవుసుల దాసయ్య దగ్గరికి పోయి నగ అయి తిరిగొచ్చేది. బిస్కెట్లు కొని బీరువాలో పెట్టుకోవడం సేట్ల పని అనేవాడు రాఘవేందర్. మనం సంసారులం, బంగారమన్నాక ఒక మెడ మీద ఉండాలి అనేవాడు. పెట్టిన ప్రతిసారీ ఆడవాళ్ళు మురిసిపోయారు. ఇరుగుపొరుగుకు చూపించుకున్నారు.

విద్యావతి మంచం మీద చెయ్యి చూపించింది.

"గీ గాజులు వందనయి. ఇంట్ల కాలు పెట్టిననాడు మీరే తొడిగిచ్చిన్రు. గది అత్తమ్మ గుండ్లపేరు."

"నా గుండ్లపేరు గూడ తెచ్చినవా, రాఘవులూ!" ఆశమ్మ గొంతు గుమ్మం దగ్గర వినిపించింది. ఎప్పుడు లేచి వచ్చిందో! "అండ్ల నడిమిట్ల గుండ్లు మీ నాయన చేపిచ్చినయి. పక్కలకున్నయి నువ్వు సాలుకు రెండు కలిపినయి. నీయి నువ్వు కోసుకపో. మీ నాయనయి నాకిచ్చి పో."

"అమ్మా, జర ఊకో."

"ఊకుంటనా?"

"నేనొక మాట అడుగుత, సీదా చెప్పుండ్రి," అంది విద్యావతి. ఈసారి గొంతు పెంచలేదు. "ఇవన్ని మాకు ఇచ్చిన్రా? మా దగ్గర దాచిన్రా?"

రెండూ అని చెప్పాలని ఉంది రాఘవేందర్‌కు. ఇన్నేళ్ళుగా ఆయన మనసులో ఆ రెండూ ఒకటే. భార్య మెడలో నగ వేసిన సంతోషమూ దక్కింది, వెనకేసుకున్నానన్న ధైర్యమూ దక్కింది. ఒకే బంగారాన్ని రెండుసార్లు లెక్క వేసుకున్నాడు పాపం.

పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ గాలికి పేపరు అంచు లేచి, ఒక ఉంగరం దొర్లి కింద పడింది. వంగి తీయడానికి ముగ్గురిలో ఒక్కరికీ చెయ్యి రాలేదు. ముట్టుకుంటే నాదన్నట్టు అవుతుందని ఒకరికి, తీసి మంచం మీద పెడితే నాది కాదన్నట్టు అవుతుందని ఒకరికి భయం.

రాఘవేందర్ చెప్పులు వేసుకుని దుకాణానికి పోయాడు.

విద్యావతి లేచి, బీరువాలోంచి పాత దుప్పటి తీసి, మంచం మీద బంగారమంతా మూసేలా కప్పింది. ఒక్క నగ కూడా చూడలేదు, తాకలేదు. ఆశమ్మ మంచం పక్కనే కుర్చీ వేయించుకుని, చేతిలో సకినాల గిన్నెతో కాపలా కూర్చుంది.

* * *

సాయంత్రం వందన ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికి రాలేదు. అశోక్ నగర్ వెళ్ళింది.

ఆ ఆఫీసులో వందన చేసే పని, జనం దాచుకున్న డబ్బు ఎక్కడెక్కడ పెట్టుకోవాలో సలహా చెప్పడం. ఊళ్ళో వాళ్ళందరికీ చెబుతుంది. ఇంట్లో మాత్రం కొత్త కోడలు మామగారికి డబ్బు సంగతి చెప్పడమేంటని ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. ఇవాళ మధ్యాహ్నం ఆశమ్మ ఫోన్ చేసి "మీ మామ బంగారం పండపెట్టి పోయిండు, నేను కావలి కూసున్న" అని చెప్పగానే ఆమెకు కోపం రాలేదు, భయమూ వేయలేదు. ఇంత చదివే మనిషి, ఇంత లెక్క తెలిసిన మనిషి, మొత్తం తీసుకెళ్ళి ఒక్క బంగారంలోనే ఎందుకు పెట్టాడు? ఆ ఒక్క ప్రశ్న పురుగులా తొలిచేస్తోంది.

దుకాణం ముందు కుర్రాళ్ళు గుంపుగా నిలబడి పుస్తకాలు తిరగేస్తున్నారు. కొనేవాళ్ళు తక్కువ, నిలబడి చదివేవాళ్ళు ఎక్కువ. రాఘవేందర్ ఎప్పుడూ ఎవర్నీ పొమ్మనడు. ఉద్యోగం వస్తే మిఠాయి డబ్బాతో వస్తారు అంటాడు.

"రా బిడ్డా. మా అమ్మ ఫోన్ చేసిందా?"

"చేశారు మామయ్యగారూ. సకినాలు అయిపోయాయట, తెమ్మన్నారు."

రాఘవేందర్‌కు నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. రెండు చాయ్‌లు చెప్పాడు.

"నేనొకటి అడగొచ్చా? తిట్టనంటేనే."

"అడుగు."

"ఎందుకు అంతా బంగారమే కొన్నారు?"

ఆయన చాయ్ గ్లాసు చేతిలో తిప్పాడు.

"అనురాగ్ చిన్నపిలగాడప్పటి ముచ్చట," అన్నాడు. "ఒక చిన్న బ్యాంకు ఉండె. దుకాణం పైసలన్ని అండ్లనే వేసేటోణ్ణి. ఒకనాడు పోతె షట్టరు దించి ఉన్నది. ఎండల లైన్ల నిలబడ్డ. పాసుబుక్కు చేతిల ఉన్నది, పైసలు లెవ్వు. పాసుబుక్కుల అంకెలు మాత్రం ముత్యాల్లెక్క రాసి ఉన్నయ్. అవుతల స్కూళ్ళు తెరుస్తున్నరు, మాల్ తేవాలె. ఏడుపొచ్చింది నాకు. ఇంటికి పోయి ఏం చెప్పాల్నో తెలుస్తలేదు."

"అప్పుడు?"

"మీ అత్త ఏం అడగలె. చెవుల కమ్మలు తీసి చేతిల పెట్టింది. తీస్కపోతె చాయ్ తాగినంత సేపట్ల పైసలు చేతికొచ్చినయ్. గప్పుడు అనుకున్న, అసలు బ్యాంకంటె ఇదిరా అని. ఇంకెన్నడు కాయితాన్ని నమ్మలె."

వందన చుట్టూ చూసింది. నేల నుంచి కప్పు దాకా పుస్తకాలు.

"కాగితాలు అమ్ముకుని బతికే మనిషి కాగితాన్ని నమ్మకపోతే ఎలాగండీ?"

"ఎక్కిరిస్తున్నవా?"

"అయ్యో, లేదండీ. ఒక్క మాట చెప్పండి. ఇక్కడంతా గ్రూప్స్‌కి చదివేవాళ్ళేగా. షాపు నిండా ఆ పుస్తకాలే పెట్టుకోవచ్చుగా?"

"పిచ్చి పట్టిందా?" రాఘవేందర్ గ్లాసు కింద పెట్టాడు. దుకాణం మాటొస్తే ఆయనకు ప్రాణం లేచి వస్తుంది. "నోటిఫికేషన్ రాకుంటె నేనేం తినాలె? ఉద్యమాల రోజులు, రాష్ట్రం ఎప్పుడు ఏమైతదో, సిలబస్ ఎప్పుడు మారుతదో ఎవనికెరుక? అందుకే గటు బ్యాంకు పరీక్షలయి పెట్టిన. గిటు కానిస్టేబులు, డీఎస్సీ. కింద చిన్నపిల్లల పలకలు, నోటుబుక్కులు. ఒకటి పండుకుంటె ఒకటి లేస్తది. దుకాణం మాత్రం నడుస్తనే ఉంటది."

"ఆ డిక్షనరీలు?"

"అవి ఏ కాలంలనైనా పోతయ్. ఉద్యమమొచ్చినా, ఎలక్షన్లొచ్చినా డిక్షనరీ అడిగేటోడు ఒకడుంటడు. కని ఎన్ని పెడత? ఒక్క వరస. డిక్షనరీల మీద దుకాణం నడుస్తదా..."

మాట మధ్యలో ఆగిపోయాడు. కోడలి మొహం చూశాడు. వందన నవ్వు ఆపుకుంటోంది.

"దొరకబట్టినవ్ బిడ్డా నన్ను."

"బంగారం మంచిదే మామయ్యగారూ. మీకు కష్టమొచ్చిన రోజు అదే ఆదుకుంది, దాన్ని తప్పనడానికి నాకు నోరెలా వస్తుంది? కానీ అది ఆ ఒక్క వరసే. మీరు ఇల్లంతా డిక్షనరీలతో నింపేశారు."

"నాలుగైదేండ్లసంది పెరుగుతనే ఉండె గద మరి?"

"పెరిగింది. ఇప్పుడు పడింది. రేపు ఏమవుతుందో నాకూ తెలీదు. తెలిస్తే ఆఫీసులో ఎందుకు కూర్చుంటాను? తెలీదు కాబట్టే తలా కొంచెం పెట్టమంటాం. కొంత బ్యాంకులో, అది కూడా ఒక్క బ్యాంకులో కాదు. కొంత ఇల్లో షాపో. పదేళ్ళ దాకా ముట్టుకోనిది కొంత షేర్ల ఫండుల్లో. కొంచెం బంగారం. అన్నీ ఒకేసారి పడుకోవు మరి, మీ పుస్తకాల్లాగే."

"షేర్లు పడయా?"

"పడతాయండీ, బ్రహ్మాండంగా పడతాయి! అందుకే రేపో మాపో కావలసిన డబ్బు అందులో పెట్టకూడదు. ఇంకోటి, నగలు చేయించిన ప్రతిసారీ తరుగూ మజూరీ పోయాయి. ఆ సెట్లలో రాళ్ళకు రేపు ఎవరూ పైసా ఇవ్వరు."

రాఘవేందర్ తల పట్టుకున్నాడు. కానీ ఆ కళ్ళల్లో పొద్దున్నటి మబ్బు లేదు. దుకాణంలో కొత్త పుస్తకం వచ్చినప్పుడు అట్ట విప్పి చూసే చూపు అది.

"అయితె ఇప్పుడేం చెయ్యాలె? చెప్పు, వింట."

"రేపు అగ్రిమెంటుకి కొంత ఇస్తే చాలుగా? రిజిస్ట్రేషన్ నాటికి సగం దాకా బ్యాంకు లోను దొరుకుతుంది, నేను కనుక్కున్నాను. బంగారమంతా అమ్మక్కర్లేదు. ఎవరూ వేసుకోనివి అమ్మితే చాలు."

"ఎవలియి అమ్మాలని ఎట్ల అడుగుత? నా నోటితోని?"

"అడక్కండి. ఎవరు వేసుకునేవి వాళ్ళని తీసుకోమనండి. మిగిలిందే మీరు దాచింది."

రాఘవేందర్ ఏదో చెప్పబోయాడు. ఇంతలో మెట్ల దగ్గర స్కూటరు ఆగింది. రాజేశం. చల్లగా నవ్వుతూ వచ్చాడు.

"నమస్తె సార్. కోడలమ్మా, బాగున్నవా? నిన్న మీరిచ్చిన బయానా దేవుని దగ్గర పెట్టిన సార్. రేపు నాలుగింటికి కాయితం రాసుకుందాం. కోచింగోళ్ళకు ఆగుమని చెప్పిన."

అతను వెళ్ళిపోయాక వందన మనసులో లెక్క వేసుకుంది. నిన్న బయానా? లాకరు తెరిచింది ఇవాళ అనుకుంటున్నారు అందరూ. బ్యాంకులో డబ్బు లేదు. మరి నిన్న ఇచ్చింది ఏం డబ్బు?

"బయానా ఇచ్చేశారా మామయ్యగారూ?"

"ఉండె... జర నా దగ్గర," అన్నాడు రాఘవేందర్, దులిపిన పుస్తకాన్నే మళ్ళీ దులుపుతూ.

* * *

శుక్రవారం వందన సెలవు పెట్టింది. విద్యావతి బడి నుంచి వచ్చేసరికి అందరూ ఆ గదిలోనే ఉన్నారు. రాఘవేందర్ కిటికీ దగ్గర, ఆశమ్మ కుర్చీలో, వందన గుమ్మంలో. మంచం మీద దుప్పటి నిన్న కప్పినది కప్పినట్టే ఉంది.

"మామయ్యగారు మీతో ఒక మాట చెబుతారట," అంది వందన.

రాఘవేందర్ 'నువ్వే చెప్పు' అన్నట్టు కోడలి వైపు చూశాడు. వందనే చెప్పింది. వేసుకునేవి ఎవరివి వాళ్ళు తీసుకోవాలి. ఎవరూ తీసుకోనివి అమ్మి ఇవాళ అగ్రిమెంటుకు కడతారు. మిగతాది బ్యాంకు లోను.

"గంతేనా?" అంది ఆశమ్మ. "గింత దానికి నిన్నంత లొల్లి ఎందుకురా?"

దుప్పటి తీసేశారు. ముందు ఆశమ్మే లేచింది. గుండ్లపేరు తీసి, నేత చీర మీద అక్కడికక్కడే మెడలో వేసుకుని, అద్దం కోసం చూసింది. వందన తన గాజులు తీసుకుంది. వంకీ చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, మళ్ళీ పేపరు మీదే పెట్టేసింది. పెళ్ళిలో తప్ప వేసుకున్నది లేదు, అబద్ధమెందుకు!

సెట్ల వైపు ఎవరూ చెయ్యి చాపలేదు. అంత ముచ్చటపడి చేయించిన సెట్లు! రాఘవేందర్ మొహం చిన్నబోయింది.

ఇక విద్యావతి వంతు. ఆమె ఒక్కొక్క నగనూ పక్కకు జరుపుతోంది. పచ్చల సెట్టు ఎత్తి చూసింది. గొలుసుల చిక్కు విడదీసింది. పేపరు అంచు ఎత్తి చూసింది. వంగి మంచం కింద చూసింది. నిన్న దొర్లిన ఉంగరం దొరికింది, అంతే.

"నా చంద్రహారమేది?"

ఇరవై అయిదేళ్ళ పెళ్ళిరోజుకు పెట్టిన చంద్రహారం. ఆ ఇంట్లో నిజంగా తరచు మెడలో పడే నగ అదొక్కటే. ప్రతి పెళ్ళి పేరంటానికీ, బడి వార్షికోత్సవానికీ అదే. లాకర్లో పెట్టి పట్టుమని నెల కాలేదు.

"సంచిల ఉండిపోయిందేమొ," అని ఆశమ్మ కూరగాయల సంచి దులిపింది. ఒక ఎండిన కరివేపాకు రాలింది.

వందనకు చటుక్కున తట్టింది. బయానా! ఆమె మామగారి వైపు చూసింది. మామగారు కిటికీలోంచి బయట ఏముందో అని తెగ చూస్తున్నాడు.

"బుధవారం నాడు లాకర్లకెల్లి అదొక్కటి ముందుగాల తీసిన," అన్నాడు చివరికి. "బయానాకు. దాసయ్యకు ఇచ్చిన."

"అమ్మిన్రా?"

"ఆ."

"కరగబెట్టిండా?"

రాఘవేందర్ మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. దాసయ్య కరిగించే ఉంటాడు.

విద్యావతి మంచం మీద కూర్చుంది. కూర్చుంటే కింద పేపర్లు కరకరమన్నాయి.

"గింత బంగారముండంగ, నాదే ఎందుకు?"

"అమ్మది అడగాలంటె భయమైంది. కోడలుది అడగాలంటె సిగ్గైంది."

"నాది?"

"నీది..." రాఘవేందర్ నిజంగానే ఆశ్చర్యపోయి చూశాడు. ఈ ప్రశ్న ఒకటుందని ఆయనకు ఇప్పటిదాకా తోచనే లేదు. "నీది అడుగుడేంది అనుకున్న. నీది నాది ఒకటే గద."

ఆ మాట ఆయన ప్రేమతోనే అన్నాడు. ఆ సంగతి విద్యావతికి తెలుసు. తెలిసినందుకే మరీ మంట పుట్టింది. ఏడవకూడదనుకుంది గానీ కళ్ళు వినలేదు.

"బ్యాంకు మునిగిననాడు నా కమ్మలు నేను తీసి ఇచ్చిన," అంది. "మీరు నోరు తెరిచి అడగకముందే ఇచ్చిన. ఈసారి గూడ ఇస్తుంటి. కమ్మలు నేనిచ్చిన. హారం మీరు తీసుకపోయిన్రు. రెండు ఒకటేనా?"

రాఘవేందర్ తల దించుకున్నాడు. తప్పు చేసినట్టు తెలియడం వేరు, ఎక్కడ చేశాడో తెలియడం వేరు. ఇప్పుడు తెలిసింది.

విద్యావతి కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకున్నాక గొంతు మారింది. బడిలో పిల్లల ముందు నిలబడి మాట్లాడే గొంతు అది.

"సరే. నాది మీది ఒకటే అన్నరు గద. మల్గి కాయితం నా పేర రాయించుండ్రి."

"ఏంది?"

"బయానా నా హారం. కాయితం నా పేర. అప్పుడు ఒకటే అంటె నమ్ముత."

"దుకాణం నడిపేది నేను గదా..."

"నడపుండ్రి. ఎవలొద్దన్నరు? కిరాయి గూడ అడగ."

వందన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆశమ్మ మాత్రం దాచుకోకుండా పకపకా నవ్వేసింది. నవ్వి, ఇందాకే మెడలో వేసుకున్న గుండ్లపేరు తీసి విద్యావతి ఒళ్ళో పెట్టింది.

"రాఘవులు పేర అయితె ఇయ్యకపోతుంటి," అంది. "నీ పేర అయితె ఇగో, ఇది గూడ పెట్టు."

రాఘవేందర్ దిమ్మెరపోయి చూశాడు. నిన్న తను లాకర్లోంచి తెస్తే వెనక్కి ఇచ్చి పొమ్మన్న గుండ్లపేరు!

"అత్తయ్యగారి పేరున అయితే నా గాజులు కూడా," అంది వందన.

విద్యావతి అత్తగారి గుండ్లపేరును రెండు చేతులా పట్టుకుంది. తిరిగి ఆవిడ మెడలోనే వేసింది.

"మీయి మీ దగ్గరనే ఉండనీ అత్తమ్మా. వందనా, నువ్వు గూడ. ఎవ్వలం వేసుకోనివి చాలు. అన్ని తెచ్చి ఒక్క దాంట్లనే పోసుడు వద్దని నువ్వే గద మీ మామకు చెప్పినవ్? ఆ ఒక్కటి దుకాణమైతె మాత్రం, తప్పు తప్పు గాదా?"

వందన గాజులు చేతికి తొడుక్కుంది. ఇన్నాళ్ళూ ఆఫీసులో ఎంతమందికో చెప్పింది. ఇంత తొందరగా అర్థం చేసుకుని, ఇంత కష్టమైనచోట ఆచరించినవాళ్ళు ఆమెకు ఇంతవరకూ తగల్లేదు.

రాఘవేందర్ జేబులో ఫోన్ మోగింది. ఆయనకు చెవులు కొంచెం మందం, ఫోన్ గొంతు ఎప్పుడూ గట్టిగానే పెట్టుకుంటాడు. రాజేశం మాట గదంతా వినిపించింది.

"సార్, నమస్తె. రాసేటాయన నా పక్కనే ఉన్నడు. నాలుగింటికి మీరొచ్చేవరకు కాయితం తయారుంచుతడు. కొనేటోళ్ళ కాడ మీ పేరే రాయాల్నా సార్?"

రాఘవేందర్ భార్య వైపు చూశాడు. ఆమె మెడలో పుస్తెలతాడు తప్ప ఏమీ లేదు. ఆమె కూడా ఆయన్నే చూస్తోంది. అడగడం లేదు, బతిమాలడం లేదు, కోప్పడటం లేదు. ఈ మనిషి ఏం చేస్తాడా అని చూస్తోంది, అంతే.

"నా పేరు గాదు రాజేశం," అన్నాడు.

"మరి ఎవలిది సార్?"

"ఇగో..."

"ఇగో ఏంది సార్? పేరు చెప్పుండ్రి. ఆయన కలం పట్టుకుని కూసున్నడు."

రాఘవేందర్ అలవాటు కొద్దీ ఫోన్‌ను భార్య వైపు చాపాడు. రేషన్ కార్డు నాడు గుమాస్తా ముందు చేసినట్టే.

విద్యావతి ఫోన్ అందుకోలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

వందనకు ఆగలేదు. పేరు అందించబోయింది. ఆశమ్మ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నువ్వు చెప్పకు బిడ్డా. వాణ్ణి చెప్పనీ."

"హలో? సార్? ఉన్నరా?"

రాఘవేందర్ ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. పెళ్ళికాని పిల్లాడిలా చెవుల దాకా ఎర్రబడి, గొంతు సవరించుకున్నాడు.